ఇద్దరు నడిపే ఎస్‌యూవీ: ఆవిడ ఇష్టాన్ని టేపు పట్టి కొలవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉన్న చిన్న కారు తీసేసి ఎస్‌యూవీ కొనాలి. రోజూ నడిపేది మీ ఆవిడ, వారాంతాల్లో దూరప్రయాణాలకు మీరు. ఆవిడ ఎత్తు 155 సెంటీమీటర్లు, మీది 180. ఎత్తుగా కూర్చుని నడపడం, లోపల లేత రంగులు, పైన పెద్ద గాజు కప్పు ఆవిడకు ఇష్టం. పార్కింగ్ అంటే జంకు. వెనక సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల బాబు ఉన్నాడు. మీ మనసు మాత్రం ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి విడి ఇనుప చట్రం) మీద కట్టిన ఏడు సీట్ల పెద్ద బండి మీద ఉంది. ఆవిడకు నచ్చేది ఎలా ఎంచుకోవాలని మీ ప్రశ్న.

ఆవిడ చెప్పిన వాటిలో రంగు తప్ప దాదాపు అన్నీ కొలవగలిగినవే. ఎత్తుకు సెంటీమీటర్లున్నాయి, పార్కింగ్‌కు వెడల్పు, మలుపు కొలతలున్నాయి, వికారానికి కారణాలున్నాయి. కొలిచి చూస్తే జాబితాలో రెండు మూడు బండ్లకు మించి మిగలవు. ఆ మిగిలిన వాటిలో ఏది అన్నది పూర్తిగా ఆవిడ కంటికి వదిలేయండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు మోడల్ తేల్చుకుని, తర్వాత "రంగు నువ్వు చెప్పు" అంటారు. రోజూ నడిపే మనిషికి మిగిలేది రంగు ఒక్కటే అయితే ఆ బండి ఆవిడది ఎలా అవుతుంది?

ముందు ఎత్తు సంగతి. ఎత్తుగా కూర్చోవాలన్న కోరికలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉంటాయి: ఎక్కి దిగడం సులువుగా ఉండటం, రోడ్డు బాగా కనపడటం. మొదటిదానికి సీటు కుషన్ బయటి అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. 155 సెంటీమీటర్ల మనిషికి తుంటి ఎముక సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కుషన్ అంచు 65 నుంచి 70 మధ్య ఉంటే నడుము పక్కకు జరిపి కూర్చుంటే చాలు. 80 దాటిందంటే ప్రతిసారీ పైకి ఎక్కాలి, దిగేటప్పుడు దూకాలి. మీరు చూస్తున్న ల్యాడర్ ఫ్రేమ్ బండ్లలో చాలావాటి సీటు ఈ ఎత్తులోనే ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో, అందులో ఎన్నిసార్లు చంకలో బాబు ఉంటాడో లెక్కేయండి.

పక్కన ఫుట్‌బోర్డు పెట్టిస్తే సరిపోతుందని సేల్స్ వాళ్లు అంటారు. అడుగు పూర్తిగా ఆనేంత వెడల్పు ఉంటేనే అది పనికొస్తుంది. సన్నటి గొట్టంలాంటిదైతే కాలు జారుతుంది, పైగా దిగేటప్పుడు అడ్డొచ్చి పిక్కకు బురద అంటిస్తుంది. ఇక్కడే ఒక చిన్న విషయం గమనించండి. తలుపు తెరిచి గడప వైపు చూడండి. కొన్ని బండ్లలో తలుపు కింది అంచు గడప మొత్తాన్ని కప్పేంత కిందకి దిగుతుంది, రబ్బరు కూడా కిందే ఉంటుంది. అలాంటి బండిలో వానలో, బురదలో తిరిగొచ్చినా తలుపు తీస్తే గడప శుభ్రంగా ఉంటుంది. కొన్నింట్లో తలుపు గడప పైనే ఆగిపోతుంది, చక్రాలు చిమ్మిన మురికంతా గడప మీద పేరుకుని, దిగే ప్రతిసారీ బట్టలకు అంటుతుంది. పొడవాటి దుస్తులు వేసుకునేవారికి ఇది రోజువారీ చికాకు. బ్రోచర్‌లో ఎక్కడా రాయరు, ఒకసారి తలుపు తీసి వేలితో తడిమి చూస్తే తెలిసిపోతుంది.

ఇక కూర్చునే తీరు. ఇంజన్ స్టార్ట్ చేయకముందే, సేల్స్ మనిషి మాట్లాడటం ఆపాక, ఆవిడ ఒక్కతే అయిదు నిమిషాలు సీటు సర్దుకోవాలి. క్రమం ముఖ్యం. నడుమును సీటు వీపుకు పూర్తిగా ఆనించి కూర్చోవాలి. బ్రేకును అడుగంటా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేంత దగ్గరగా సీటు జరుపుకోవాలి. తర్వాత ఎత్తు: స్టీరింగ్ పై అంచుకు కనీసం 8 సెంటీమీటర్లు పైగా చూపు పోవాలి. ఆ తర్వాత స్టీరింగ్‌ను తన వైపు లేదా అవతలికి జరిపి, ఛాతీ ఎముకకూ స్టీరింగ్ మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ జాగా కావాలి. పొట్టివాళ్లు పెడల్ అందడం కోసం ముందుకు జరిగితే మొదట పోయేది ఈ దూరమే. అందుకే స్టీరింగ్ పైకీ కిందకీ మాత్రమే కదిలే బండిని ఆవిడ విషయంలో పక్కన పెట్టేయండి. ముందుకూ వెనక్కూ కూడా కదలాలి, ఎక్కువగా కదలాలి.

సీటు కుషన్ పొడవు కూడా చూడండి. మీకు తొడల కింద ఆసరా ఇచ్చే పొడవాటి కుషన్ ఆవిడకు మోకాలి వెనక ఒత్తుతుంది. ఒత్తితే తెలియకుండానే ముందుకు జరిగి కూర్చుంటారు, వీపుకు ఆసరా పోతుంది, గంట ప్రయాణానికే నడుము నొప్పి. కుషన్ చివరకూ మోకాలి వంపుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సీటు బెల్టు భుజం ఎముక మీదుగా పోవాలి, మెడకు రాసుకోకూడదు. పక్క పిల్లర్ (కప్పును మోసే స్తంభం) మీద బెల్టు ఎత్తు మార్చే మీట ఉందో లేదో చూడండి. ఖరీదైన బండ్లలో కూడా దాన్ని తీసేస్తున్నారు.

ఆవిడ సీటు సర్దుకోగానే దిగి, అదే సీటు మీకు సర్దండి. ప్రతి వారాంతం ఇద్దరూ మార్చుకోవాల్సిందే కాబట్టి, బటన్ నొక్కితే ఎవరి సర్దుబాటుకు వాళ్లకు తిరిగొచ్చే మెమొరీ సీటు మీ ఇద్దరికీ నిజంగా అవసరమైన సదుపాయం. 25 సెంటీమీటర్ల తేడా ఉన్న ఇద్దరికి అది విలాసం కింద రాదు. సీటుతో పాటు పక్క అద్దాలను కూడా గుర్తుపెట్టుకునే రకం అయితే ఇంకా మంచిది. మిగతా సదుపాయాల్లో దేన్నైనా వదులుకుని దీన్ని తీసుకోండి.

రెండో విషయం, రోడ్డు కనపడటం. సీటు ఎత్తుగా ఉన్నంత మాత్రాన అన్నీ కనపడవు. బానెట్ ఎత్తుగా, బల్లపరుపుగా ఉన్న బండి చూడటానికి గంభీరంగా ఉంటుంది కానీ దాని ముందు నిలబడ్డ చిన్నపిల్లవాడు డ్రైవరుకు కనపడడు. దీన్ని తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తున్న వస్తువు ఏదైనా, ట్రాఫిక్ కోన్ అయితే మరీ మంచిది, బంపరుకు ఆనించి పెట్టండి. ఆవిడ తన సీటు సర్దుబాటులో కూర్చుని చూస్తుండగా దాన్ని మెల్లగా ముందుకు జరపండి. పైభాగం ఎక్కడ కనపడటం మొదలైందో అక్కడికి బంపరు నుంచి అడుగులు కొలవండి. తర్వాత మీరు కూర్చుని మళ్లీ కొలవండి. ఒకే బండిలో మీ ఇద్దరికీ ఎంత తేడా వస్తుందో చూస్తే ఆవిడ జంకు ఎక్కడి నుంచి వస్తోందో మీకు అర్థమవుతుంది. ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నప్పుడు ఈ కొలత నాకు హార్స్‌పవర్ కన్నా ముఖ్యం.

ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్‌ను ఆవిడ సీట్లోంచే చూడాలి. పొట్టివాళ్లు సీటు ముందుకు లాగి కూర్చుంటారు కాబట్టి పిల్లర్ కంటికి దగ్గరై మరింత లావుగా అడ్డొస్తుంది. పక్క అద్దం ఎక్కడ బిగించారో కూడా చూడండి. కిటికీ మూల మీదే బిగిస్తే పిల్లర్, అద్దం కలిసిపోయి ఒకే పెద్ద అడ్డుగోడ అవుతుంది. తలుపు రేకు మీద బిగిస్తే రెండింటి మధ్య సందు మిగులుతుంది, కూడలిలో రోడ్డు దాటే మనిషి ఆ సందులోంచి కనపడతాడు. వెనక వైపు పిల్లర్లు ఈ రోజుల్లో చాలా బండ్లలో లావే, కెమెరా ఉంటుంది కాబట్టి దాని గురించి అంత పట్టించుకోనక్కర్లేదు. కెమెరా నాణ్యత మాత్రం చీకట్లో, తడిసినప్పుడు చూడండి.

ఇక పార్కింగ్. జంకు మనిషిలో ఉందనుకుంటారు, చాలావరకు బండి వెడల్పులో ఉంటుంది. బ్రోచర్‌లో వేసే వెడల్పులో పక్క అద్దాలు కలపరు. 1.85 మీటర్ల బండి అద్దాలతో కలిపి 2.05 నుంచి 2.1 మీటర్లు అవుతుంది. పార్కింగ్ గడి వెడల్పు మామూలుగా 2.4 నుంచి 2.5 మీటర్లు. బండి సరిగ్గా మధ్యలో నిలిపినా ఒక్కో పక్క రేకుకూ గీతకూ మధ్య సుమారు 30 సెంటీమీటర్లే మిగులుతుంది. పక్కవాడు కూడా అంతే వదిలితే తలుపు తీసి దిగడానికి ఇరుకుగా సరిపోతుంది, పిల్లాడి సీటులోంచి బాబును తీయడానికి సరిపోదు. 1.80 లోపు వెడల్పున్న బండికీ 1.93 ఉన్నదానికీ కాగితం మీద 13 సెంటీమీటర్లే తేడా. గడిలో నిలిపాక మిగిలే జాగాలో అది పెద్ద వాటా.

మలుపు కొలత చదివేటప్పుడు జాగ్రత్త. కొన్ని కంపెనీలు వ్యాసార్థం వేస్తాయి, కొన్ని వ్యాసం. 5.5 మీటర్లు అని ఉంటే అది వ్యాసార్థం, 11 మీటర్ల వృత్తం అన్నమాట. చక్రాల జాడను కొలిచేవి కొన్ని, బంపరు మూల తిరిగే వృత్తాన్ని కొలిచేవి కొన్ని. ఒకే పద్ధతిలో కొలిచినవాటినే పోల్చండి. మధ్య సైజు ఎస్‌యూవీల్లో 11 మీటర్ల దరిదాపుల్లో ఉంటే రోజువారీ వాడకానికి బాగుంటుంది. 12 దాటితే యూటర్న్‌లలో, బేస్‌మెంట్ ర్యాంపుల్లో మాటిమాటికీ వెనక్కి తీయాల్సి వస్తుంది. చుట్టూ చూపించే కెమెరా ఉంటే గీతల మధ్య నిలపడం తేలిక. కానీ ఇరుకు మలుపులో బండి తిరగకపోతే కెమెరా చేయగలిగింది ఏమీ లేదు, అందుకని కొలత ముందు, కెమెరా తర్వాత.

నెమ్మదిగా కదిలేటప్పుడు బండి ఎలా స్పందిస్తుందన్నది కూడా పార్కింగ్ ధైర్యంలో భాగమే. రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, ముఖ్యంగా క్లచ్ నూనెలో మునగని డ్రై క్లచ్ రకం, అడుగు అడుగు జరిపేటప్పుడు ఒక క్షణం ఆగి తర్వాత ఒక్కసారిగా దూకినట్టు కదులుతుంది. ట్రాఫిక్‌లో గంటల తరబడి అలా నడిపితే క్లచ్ వేడెక్కుతుంది కూడా. ద్రవం ద్వారా శక్తిని పంపే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, విడి గేర్లు లేకుండా నడిచే సీవీటీ, ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు ఉండే హైబ్రిడ్ ఈ విషయంలో మెత్తగా ఉంటాయి. సీవీటీని గట్టిగా తొక్కితే ఇంజన్ మోత ఒకే స్థాయిలో గీపెడుతుంది, అది మీకు నచ్చకపోవచ్చు. పరీక్ష ఇలా చేయండి: చిన్న ఎత్తు ఉన్నచోట, ర్యాంపు మొదట్లో, రివర్స్‌లో అంగుళం అంగుళం ఎక్కించమని ఆవిడకు ఇవ్వండి. రెండుసార్లు చేస్తే చాలు, గేర్‌బాక్స్ గుణం బయటపడుతుంది.

వికారం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చూస్తున్న బండికీ ఆవిడ బాధకూ సూటిగా సంబంధం ఉంది. శరీరానికి వికారం ఎక్కువగా తెప్పించేది నెమ్మదైన ఊపు, సుమారు అయిదు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చేది. గతుకుల మీద వచ్చే చిన్న కుదుపు చికాకు పెడుతుంది కానీ వాంతి తెప్పించదు. కార్లలో ఆ నెమ్మది ఊపు ప్రధానంగా బ్రేకు, యాక్సిలరేటర్, మలుపుల నుంచే వస్తుంది. ఎత్తైన, బరువైన బండి మలుపులో పక్కకు ఎక్కువ ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు ఎక్కువ దించుతుంది, అంటే అదే ఊపును ఇంకాస్త పెంచుతుంది. దానికి తోడు కూర్చున్న మనిషికి బయట కనపడకపోతే, శరీరం ఒకటి చెబుతుంటే కళ్లు ఇంకొకటి చెబుతాయి. అక్కడ మొదలవుతుంది తిప్పడం.

టొయోటా ల్యాండ్ క్రూయిజర్, ఫార్చ్యూనర్, జీప్ రాంగ్లర్ లాంటివి ల్యాడర్ ఫ్రేమ్ బండ్లు. విడిగా ఉన్న ఇనుప చట్రం మీద బాడీని బిగిస్తారు. బరువు లాగడానికి, రోడ్డే లేని చోట తిరగడానికి అవి దిట్ట. హోండా సీఆర్‌-వీ, టొయోటా రావ్4, మాజ్దా సీఎక్స్‌-5, హ్యుందాయ్ టూసాన్ లాంటివి మోనోకాక్, బాడీయే చట్రం. వీటి నేల కిందకి ఉంటుంది, బరువు తక్కువ, మలుపులో ఒరగడం తక్కువ. ల్యాండ్ రోవర్ డిఫెండర్ అంతటి మొండి బండి కూడా 2020 మోడల్‌తో మోనోకాక్‌కి మారింది. మీరు పడవో ట్రైలరో లాగరు, కొండ దారుల్లో రాళ్లెక్కించరు. కాబట్టి మీ ఇంటికి ల్యాడర్ ఫ్రేమ్ వద్దనే నా అభిప్రాయం. ఎత్తు, మలుపు, ఒరుగు మూడింటిలోనూ అది ఆవిడకు వ్యతిరేకంగానే ఉంది.

వెనక సీట్లో కిటికీ చూడండి. స్టయిల్ కోసం కిటికీ కింది గీతను వెనక్కి పోయేకొద్దీ పైకి లేపుతారు. ఆవిడ ఎత్తుకు అది భుజాన్ని దాటి గడ్డం దాకా వచ్చేస్తుంది. ముందు సీట్ల వీపులు వెడల్పుగా, తలగడలు సీటుతో కలిసిపోయి ఉంటే ఎదురు రోడ్డు కూడా కనపడదు. వెనక సీటు ముందు సీటు కన్నా కాస్త ఎత్తులో ఉండి, ముందు అద్దంలోంచి దారి కనపడే బండి వికారం ఉన్నవాళ్లకు చాలా మేలు. పరీక్షించడానికి ఆవిడను వెనక కూర్చోబెట్టి మెలికల దారిలో పదిహేను నిమిషాలు మీరు నడపండి. ఎలక్ట్రిక్ లేదా హైబ్రిడ్ అయితే, కాలు తీయగానే బ్రేకు పడే స్థాయిని తక్కువలో పెట్టి ఒకసారి, ఎక్కువలో పెట్టి ఒకసారి చూడండి. ఎక్కువ స్థాయిలో చాలామందికి తల తిరుగుతుంది. ఇంకో మాట, వారాంతాల్లో నడిపేది మీరే. బ్రేకు ముందుగా, మెత్తగా వేయడం, మలుపుకు ముందే వేగం తగ్గించడం ఏ సస్పెన్షన్ కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

టైర్ల దగ్గర డబ్బు పెట్టి మరీ సుఖం పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. 225/65 ఆర్17 టైరు (వెడల్పు 225 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్కగోడ, రిమ్ 17 అంగుళాలు) పక్కగోడ 146 మిల్లీమీటర్లు. అదే బండి పై వేరియంట్‌లో 225/55 ఆర్19 ఇస్తే అది 124కి పడిపోతుంది. చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే, గాలి నిండిన మెత్తటి భాగమే 22 మిల్లీమీటర్లు తగ్గింది. గతుకు దెబ్బ లోపలికి వస్తుంది, గుంటలో పడితే రిమ్ వంగే అవకాశం పెరుగుతుంది, టైరు మార్చేటప్పుడు ఖర్చూ ఎక్కువే. షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చేది సాధారణంగా పై వేరియంట్. మీరు కొనేది మధ్య వేరియంట్ అయితే దాని చక్రాల మీద నడపాలని పట్టుబట్టండి. బండి కదిలే ముందు గాలి కూడా చూడండి. ఫ్యాక్టరీ నుంచి రవాణాకు ఎక్కువ గాలి కొట్టి పంపుతారు, దాన్ని తగ్గించకుండానే డ్రైవ్‌కి ఇస్తే మంచి బండి కూడా ఎగిరెగిరి పడుతుంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

గాజు కప్పు. ఆవిడకు ఇష్టమంటే తీసుకోండి, కానీ కింద మీ తల ఉంటుందని మరిచిపోవద్దు. ఫ్రేము, మడత తెర కలిసి తలపై జాగాను కొన్ని సెంటీమీటర్లు మింగేస్తాయి. 180 ఉన్న మీరు వెనక కూర్చుని కొలవండి, అక్కడే మొదట తగులుతుంది. లోపలి తెర పూర్తిగా వెలుగు ఆపేదా లేక వలలాంటిదా అన్నది ఎండలో నిలబెట్టి చూడండి. వల తెరలో మిట్టమధ్యాహ్నం నడినెత్తి మీద ఎండ తెలుస్తూనే ఉంటుంది. తెరుచుకునే సన్‌రూఫ్ అయితే దాని గాడి మూలల్లో నీళ్లు పోయే సన్నటి గొట్టాలుంటాయి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీరు పిల్లర్ల వెంట లోపలికి దిగి కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది. చాలామంది రబ్బరు పాడైందనుకుని రబ్బరు మార్పిస్తారు, నీరు కారడం ఆగదు. వానలు మొదలయ్యే ముందు గాడి మూలలో గ్లాసులో సగం నీళ్లు మెల్లగా పోసి, బండి కింద చక్రాల దగ్గర బయటికొస్తున్నాయో లేదో చూడటం చాలు. మూసుకుపోతే ఎక్కువ ఒత్తిడి గాలి కొట్టవద్దు, గొట్టం లోపల ఊడిపోతుంది. మెత్తటి నైలాన్ తీగతో శుభ్రం చేయాలి. కదలని గాజు కప్పుకు ఈ తలనొప్పులు లేవు. ఆవిడకు కావలసింది వెలుగు మాత్రమే అయితే అదే మేలు.

లేత రంగు లోపలి భాగంలో కూడా ఒక మెలిక ఉంది. లేత సీట్లు బాగుంటాయి, లేత డ్యాష్‌బోర్డ్ పైభాగం బాగుండదు. ఎండలో అది ముందు అద్దంలో ప్రతిబింబించి రోడ్డు మీద తెల్లటి పొర కప్పినట్టు అవుతుంది. సీట్లు, తలుపు ప్యాడ్లు లేతగా, డ్యాష్‌బోర్డ్ పైభాగం మాత్రం ముదురుగా ఉండే కలయిక అడగండి. లేత సీట్లకు జీన్స్ నీలం అంటుతుంది, మొదట మరక పడేది డ్రైవర్ సీటు బయటి అంచు మీద. వారానికోసారి తడి తెల్లగుడ్డతో తుడిస్తే నిలుస్తుంది, నెలలు వదిలేస్తే పోదు. పూర్తి తెలుపు కన్నా లేత బూడిద, తేనె రంగు ఈ విషయంలో ఓర్చుకుంటాయి. గేరు చుట్టూ నిగనిగలాడే నల్ల ప్లాస్టిక్ ఉంటే వేలిముద్రలూ గీతలూ ఖాయం. మీలో ఎవరైనా పోలరైజ్డ్ కళ్లద్దాలు వాడితే అవి పెట్టుకునే చూడండి, అద్దం మీద వేగం చూపించే హెడ్-అప్ డిస్‌ప్లే కొన్ని బండ్లలో వాటిలోంచి కనపడకుండా పోతుంది.

స్క్రీన్ పెద్దదా చిన్నదా అన్నది రుచి విషయం. కానీ ఏసీ, అద్దం మీద మంచు తుడవడం, సౌండు, ఈ మూడూ రోడ్డు మీంచి కళ్లు తీయకుండా మార్చగలగాలి. ఆవిడను నిలిపి ఉన్న బండిలోనే ఎదురుగా చూస్తూ ఏసీ రెండు డిగ్రీలు తగ్గించమనండి. చూడకుండా చేయలేకపోతే రోజూ ఇబ్బందే. కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలిచ్చే ఐరోపా సంస్థ యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నిబంధనల్లో ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్‌కు విడి మీటలు ఉంటేనే పూర్తి మార్కులంది. భద్రత నక్షత్రాలు చూసేటప్పుడు ఏ ఏడాది పరీక్షో తప్పక చదవండి. నిబంధనలు కొన్నేళ్లకోసారి కఠినమవుతున్నాయి కాబట్టి పాత అయిదు, కొత్త అయిదు ఒకటి కాదు.

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పను. ఆవిడ రోజూ వెళ్లేది దగ్గర దూరాలైతే డీజిల్ వద్దు. దాని పొగగొట్టంలోని మసి వడపోత కాలి శుభ్రం కావడానికి హైవే వేగంలో పావుగంట, ఇరవై నిమిషాల నడక కావాలి. అది దొరక్కపోతే హెచ్చరిక లైటు వెలుగుతుంది, తర్వాత వర్క్‌షాపు. పెట్రోల్, హైబ్రిడ్, లేదా ఇంట్లో చార్జింగ్ వీలుంటే ఎలక్ట్రిక్. నాలుగు చక్రాల డ్రైవ్ కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి చేయదు. తారురోడ్డు మీద తిరిగేవాళ్లు ఆ డబ్బును మంచి టైర్లకు పెట్టడం నయం.

పిల్లాడి సీటు షోరూమ్‌కి తీసుకెళ్లండి. రెండేళ్ల బాబు ఇంకా వెనక్కి తిరిగి కూర్చునే సీటులో ఉండటమే సురక్షితం, ఆ సీటు ముందు సీటును ముందుకు నెట్టేస్తుంది. దాన్ని వెనక బిగించి, దాని ముందు సీట్లో మీరు కూర్చోండి. మోకాళ్లు గ్లవ్‌బాక్స్‌కు తగిలితే దూరప్రయాణంలో ఆ సీటు మీకు లేనట్టే. పిల్లాడి సీటును బండికి బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సీటు సందులో లోతుగా దాగి ఉన్నాయా, చేతికి అందుతున్నాయా అన్నది ఆవిడే బిగించి చూడాలి. మూడో వరస మీకు ఏడాదిలో ఎన్నిసార్లు అవసరమో నిజాయితీగా లెక్కేసుకోండి. చాలా బండ్లలో అది తెరిస్తే డిక్కీలో మడిచే స్ట్రోలర్ పట్టడం కూడా కష్టమే.

ఇప్పుడు ఎంపిక క్రమం. "నీకు ఏ కారు ఇష్టం?" అని అడిగితే ఎవరైనా బాగా కనపడినదాని పేరే చెబుతారు. బదులుగా ఇప్పుడున్న కారులో ఈ వారం ఏమేం చికాకు పెట్టాయో అడగండి. ఆ జాబితా చాలా విలువైనది. ఒక కాగితం మీద ఆవిడకు తప్పనిసరి మూడు, మీకు తప్పనిసరి మూడు రాయండి. ఒక్కొక్కరికి ఒక వీటో ఇవ్వండి, కారణం అడగకూడదు. చూపుకు నచ్చకపోవడం కూడా సరైన కారణమే. రోజూ ఎక్కే బండిని చూస్తే మనసు ముడుచుకోకూడదు. అందుకే ఫొటోలు ముందే చూపించి, ఆవిడ కాదన్నవి కొలతల దాకా రానివ్వకండి. ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా బుక్ చేయడం మాత్రం వద్దు. సీటు ఒత్తుతుందో లేదో కూర్చున్న మనిషికే తెలుసు.

టెస్ట్ డ్రైవ్ ఆవిడ పేరు మీదే బుక్ చేయండి. అప్పుడు సేల్స్ మనిషి ఆవిడతో మాట్లాడతాడు. మొదట ఆవిడ నడపాలి, మీరు వెనక కూర్చోవాలి, సలహాలు వద్దు. అన్ని బండ్లనూ ఒకే దారిలో, ముప్పై నలభై నిమిషాలైనా, ఒకే రోజున లేదా వరసగా రెండు రోజుల్లో. దారిలో ఒక గరుకు రోడ్డు, ఒక ఇరుకు పార్కింగ్, ఒక హైవే ముక్క ఉండాలి. చివరికి మిగిలిన బండిని రాత్రి కూడా ఒకసారి నడపండి, హెడ్‌లైట్ల వెలుగు ఎక్కడ తెగిపోతుందో, స్క్రీన్ కాంతి కళ్లకు కొడుతుందో అప్పుడే తెలుస్తుంది. వీలైతే మీ ఇంటి పార్కింగ్‌లోకి తెచ్చి పెట్టించండి.

బయటి రంగును ఆరుబయట ఎండలోనూ, సాయంత్రంలోనూ చూసి తేల్చాలి, షోరూమ్ లైట్ల కింద మెటాలిక్ రంగులు మోసం చేస్తాయి. మూడు పొరల పెర్ల్ తెలుపు చాలా అందంగా ఉంటుంది, కానీ బంపరు గీసుకుంటే అదే ఛాయ కలపడం కష్టం, పక్క ప్యానెల్ దాకా రంగు కలుపుకుంటూ పోవాలి. మామూలు తెలుపుకు ఆ బాధ లేదు. నలుపు మీద తుడిచిన గీతలు వలయాల్లా కనపడతాయి. మ్యాట్ రంగును పాలిష్ పెట్టి గీత పోగొట్టలేరు. పార్కింగ్ జంకు ఉన్నప్పుడు మొదటి ఏడాది ఒకటి రెండు గీతలు పడతాయనుకునే రంగు ఎంచుకోండి, ఆవిడకు ఆ భయం తగ్గుతుంది.

డెలివరీ రోజు టైర్ పక్కన నాలుగు అంకెల తేదీ చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగూ దగ్గర తేదీల్లో ఉండాలి. రెండు తాళాలూ అక్కడే పరీక్షించి, మొదటి మెమొరీ బటన్ ఆవిడకు, రెండోది మీకు పెట్టండి. తాళంతో ప్రొఫైల్ ముడిపడే బండి అయితే ఎవరి తాళం వాళ్లదే, మార్చుకోవద్దు. డిక్కీ తలుపు పూర్తిగా లేస్తే 2 మీటర్లు దాటుతుంది, ఆవిడ చేతికి మూసే బటన్ అందదు. తలుపును ఆవిడకు అందే ఎత్తులో ఆపి, దాని అంచున ఉన్న బటన్‌ను మూడు నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా బండ్లలో ఆ ఎత్తు గుర్తుండిపోతుంది. బ్లూటూత్‌లో ఇద్దరి ఫోన్లూ కలిపాక ఆవిడ ఫోన్‌ను ముందు వరసలో పెట్టండి, లేకపోతే మీరిద్దరూ కలిసి ఎక్కిన ప్రతిసారీ ఆవిడ కాల్స్ పోయి మీ కాల్స్ స్పీకర్లో మోగుతాయి.